వైద్య విద్యలో ప్రవేశాలు: ర్యాంకుతోపాటు కోటా, స్థానికత, ఆప్షన్ల క్రమం కీలకం

ప్రత్యేక వ్యాసం

నీట్‌గా వ్యవహరించే జాతీయ అర్హత, ప్రవేశ పరీక్ష ఫలితాలు వెలువడిన వెంటనే అభ్యర్థుల ఇళ్లలో తలెత్తే మొదటి ప్రశ్న "ఈ ర్యాంకుకు సీటు వస్తుందా" అన్నదే. ఈ ప్రశ్నకు ర్యాంకు ఒక్కటే సమాధానం చెప్పజాలదు. ఒకే ర్యాంకు పొందిన ఇద్దరు అభ్యర్థులలో ఒకరికి ప్రభుత్వ కళాశాలలో సీటు లభించి, మరొకరికి ప్రైవేటు కళాశాల కన్వీనర్ కోటాలో సైతం లభించని సందర్భాలు ఉంటాయి. అభ్యర్థి ఏ కోటాకు అర్హుడు, ఏ ప్రాంతానికి స్థానికుడు, ఏ ధ్రువపత్రాన్ని ఏ తేదీలోగా సమర్పించాడు, ఆప్షన్లను ఏ క్రమంలో నమోదు చేశాడు, ఏ విడతలో ఏ నిర్ణయం తీసుకున్నాడు అన్న అంశాలు ర్యాంకుతోపాటు ఫలితాన్ని నిర్ణయిస్తాయి. వీటిలో అధిక భాగం పరీక్ష రాయడానికి ముందే తెలుసుకోదగినవి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల అభ్యర్థులకు వర్తించే విధానాన్ని ఈ వ్యాసం వివరిస్తుంది.

అర్హత వేరు, సీటు వేరు

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1986 నుంచి ఎంసెట్ ద్వారా వైద్య విద్యా ప్రవేశాలు జరిగేవి. 2013లో తొలిసారి నిర్వహించిన నీట్‌ను అదే ఏడాది జూలైలో సుప్రీంకోర్టు కొట్టివేసింది. 2016 ఏప్రిల్‌లో ఆ తీర్పును న్యాయస్థానమే ఉపసంహరించుకోవడంతో పరీక్ష తిరిగి అమలులోకి వచ్చింది. కేంద్ర ప్రభుత్వం జారీ చేసిన ఆర్డినెన్సు మేరకు 2016లో రాష్ట్రాలకు ఒక ఏడాది వెసులుబాటు లభించింది. 2017 నుంచి రెండు తెలుగు రాష్ట్రాలలోనూ ఎం.బి.బి.ఎస్., బి.డి.ఎస్. ప్రవేశాలకు నీట్ ర్యాంకే ప్రాతిపదిక అయింది. 2019 నుంచి ఈ పరీక్షను జాతీయ పరీక్షల సంస్థ నిర్వహిస్తున్నది. తెలుగు సహా 13 భాషలలో ప్రశ్నపత్రం అందుబాటులో ఉంటుంది.

నీట్‌లో అర్హత సాధించడానికి జనరల్, ఆర్థికంగా వెనుకబడిన వర్గాల అభ్యర్థులు 50వ పర్సంటైల్, ఎస్.సి., ఎస్.టి., ఓ.బి.సి. అభ్యర్థులు 40వ పర్సంటైల్ సాధించవలసి ఉంటుంది. పర్సంటైల్ అంటే మార్కుల శాతం కాదు. పరీక్ష రాసిన వారిలో ఎంత శాతం మంది కంటే అభ్యర్థి ముందున్నాడో తెలిపే కొలమానం మాత్రమే. 2025లో జనరల్ అభ్యర్థుల అర్హత మార్కులు 720కి 144, అంటే 20 శాతం. 2024లో సవరించిన ఫలితాల ప్రకారం ఇవి 162గా ఉన్నాయి.

2025లో 22 లక్షలకు పైగా అభ్యర్థులు పరీక్ష రాయగా, 12 లక్షల 36 వేల మందికి పైగా అర్హత సాధించారు. దేశంలోని ఎం.బి.బి.ఎస్. సీట్లు 2014కు ముందు 51,348 ఉండగా, 2024-25 నాటికి లక్షా 12 వేలు దాటాయి. వైద్య కళాశాలల సంఖ్య ఇదే కాలంలో 387 నుంచి 780కి చేరింది. సీట్లు రెట్టింపునకు మించి పెరిగినప్పటికీ, అర్హత సాధించిన సుమారు పది మందికి ఒక సీటు మాత్రమే ఉన్నది. వాటిలోనూ ప్రభుత్వ కళాశాలల సీట్లు దాదాపు సగమే. కాబట్టి "అర్హత" అన్న మాట కౌన్సెలింగ్‌లో పాల్గొనే హక్కును మాత్రమే సూచిస్తుంది.

మార్కులను బట్టి సీటును అంచనా వేయడం కూడా సరికాదు. 2024 సవరించిన ఫలితాలలో 17 మంది 720కి 720 మార్కులు పొందారు. 2025లో అత్యధిక మార్కులు 686 మాత్రమే. ఆ ఏడాది 650కి మించి మార్కులు సాధించినవారు దేశం మొత్తం మీద 73 మంది. ప్రశ్నపత్రం కాఠిన్యం ఏటా మారుతున్నందున, క్రితం ఏడాది మార్కులను ఈ ఏడాది మార్కులతో పోల్చడం వల్ల తప్పుడు ఆశలు గానీ, అకారణ నిరాశ గానీ కలుగుతాయి. పోల్చదగినది ర్యాంకు మాత్రమే. ఆ పోలిక కూడా ఒకే కోటా, ఒకే రిజర్వేషన్ వర్గం, ఒకే స్థానిక ప్రాంతం, ఒకే విడతకు పరిమితమై ఉండాలి.

ఒకే అంకె, నాలుగు అర్థాలు

ప్రవేశాల సందర్భంలో "15 శాతం" అన్న అంకె నాలుగు వేర్వేరు అర్థాలలో వినవస్తుంది. ఈ నాలుగింటినీ విడదీసి చూడకపోవడమే అనేక అపోహలకు మూలం.

మొదటిది అఖిల భారత కోటా. ప్రభుత్వ వైద్య కళాశాలల సీట్లలో 15 శాతాన్ని దేశవ్యాప్త మెరిట్ ప్రాతిపదికన భర్తీ చేస్తారు. 1984, 1986 సంవత్సరాల నాటి సుప్రీంకోర్టు తీర్పుల ఫలితంగా ఈ కోటా ఏర్పడింది. రాజ్యాంగంలోని 371-డి అధికరణం కింద ప్రత్యేక ఏర్పాట్లు ఉన్నందున తెలుగు రాష్ట్రాలు చాలాకాలం ఇందులో చేరలేదు. 2018-19 విద్యా సంవత్సరం నుంచి చేరాయి. దీనివల్ల ఇక్కడి సీట్లలో కొంత భాగానికి ఇతర రాష్ట్రాల అభ్యర్థులు పోటీ పడుతుండగా, తెలుగు విద్యార్థులకు దేశంలోని ఇతర ప్రభుత్వ కళాశాలల ద్వారాలు తెరచుకున్నాయి.

రెండవది అన్‌రిజర్వుడు సీట్లు. 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం రాష్ట్ర కోటా సీట్లలో 85 శాతం స్థానిక అభ్యర్థులకు కేటాయించి, మిగిలిన 15 శాతాన్ని స్థానికతతో నిమిత్తం లేకుండా భర్తీ చేస్తారు. ఈ సీట్లు స్థానికేతరుల కోసం ప్రత్యేకించినవి కావు. మెరిట్ ఉన్న స్థానికులు కూడా వీటికి అర్హులే.

మూడవది ప్రైవేటు కళాశాలల్లోని ప్రవాస భారతీయుల కోటా. నాల్గవది షెడ్యూల్డు కులాలకు అమలవుతున్న 15 శాతం రిజర్వేషన్.

ఉదాహరణకు 100 సీట్లు గల పాత ప్రభుత్వ కళాశాలను తీసుకుంటే, 15 సీట్లు అఖిల భారత కోటాకు పోగా 85 సీట్లు రాష్ట్ర కోటాలో ఉంటాయి. ఈ 85లో సుమారు 72 సీట్లు స్థానికులకు, సుమారు 13 సీట్లు అన్‌రిజర్వుడు విభాగానికి చెందుతాయి. అదే 100 సీట్లు గల ప్రైవేటు కళాశాలలో అఖిల భారత కోటా ఉండదు. 50 సీట్లు కన్వీనర్ కోటా అయిన ఏ కేటగిరీకి, 35 సీట్లు బి కేటగిరీకి, 15 సీట్లు ప్రవాస భారతీయుల సి కేటగిరీకి చెందుతాయి.

స్థానికత: తొమ్మిదో తరగతి నుంచే ప్రారంభం

వైద్య విద్యా ప్రవేశాలలో కుటుంబాలు ఆలస్యంగా గుర్తించే అంశం స్థానికత. ఉమ్మడి రాష్ట్రంలో ఆంధ్ర, శ్రీ వేంకటేశ్వర, ఉస్మానియా విశ్వవిద్యాలయాల పరిధిలో మూడు స్థానిక ప్రాంతాలు ఉండేవి. ఆంధ్రప్రదేశ్ పునర్వ్యవస్థీకరణ చట్టంలోని 95వ సెక్షన్ ప్రకారం రాష్ట్ర విభజన తర్వాత పదేళ్లపాటు ఉమ్మడి ప్రవేశాల విధానం కొనసాగి, 2024 జూన్ 2తో ఆ గడువు ముగిసింది.

ఆంధ్రప్రదేశ్‌లో ఉమ్మడి శ్రీకాకుళం నుంచి ప్రకాశం వరకు గల కోస్తా జిల్లాలు ఆంధ్ర విశ్వవిద్యాలయ పరిధిలోనికి, ఉమ్మడి నెల్లూరు జిల్లా, రాయలసీమ జిల్లాలు శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయ పరిధిలోనికి వస్తాయి. ఒంగోలులో చదివిన విద్యార్థి, నెల్లూరులో చదివిన విద్యార్థి ఒకే రాష్ట్రానికి చెందినవారైనా వేర్వేరు స్థానిక ప్రాంతాలకు చెందుతారు. అందువల్ల రెండు ప్రాంతాలలో చివరి సీటు లభించిన ర్యాంకులు ఒకే విధంగా ఉండవు.

తెలంగాణలో రాష్ట్ర ఆవిర్భావం తర్వాత ఏర్పాటైన వైద్య కళాశాలల్లో కన్వీనర్ కోటా సీట్లన్నింటినీ రాష్ట్ర స్థానికులకే కేటాయిస్తూ 2023 జూలైలో ప్రభుత్వం ఉత్తర్వులు జారీ చేసింది. 2022 నవంబరు 15న ఎనిమిది, 2023 సెప్టెంబరు 15న తొమ్మిది ప్రభుత్వ వైద్య కళాశాలలు ఆ రాష్ట్రంలో ప్రారంభమైనందున ఈ నిర్ణయం ప్రభావం గణనీయమైనది.

తొమ్మిదో తరగతి నుంచి ఇంటర్మీడియట్ వరకు వరుసగా నాలుగేళ్లు రాష్ట్రంలో చదివినవారినే స్థానికులుగా పరిగణించాలని 2024 జూలైలో తెలంగాణ ప్రభుత్వం నిబంధనలను సవరించింది. దీనిపై హైకోర్టు, సుప్రీంకోర్టులలో విచారణ జరిగింది. 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు ఈ నిబంధనను సమర్థించింది. ఉద్యోగరీత్యా ఇతర రాష్ట్రాలలో పనిచేసే రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగులు, అఖిల భారత సర్వీసులు, రక్షణ దళాల సిబ్బంది పిల్లలకు మినహాయింపులు ఉన్నాయి.

ఈ నిబంధన ఆచరణలో ఎలా పనిచేస్తుందో గమనించదగినది. ఖమ్మం, నల్లగొండ జిల్లాల నుంచి విజయవాడ, గుంటూరు నగరాల రెసిడెన్షియల్ జూనియర్ కళాశాలలకు పిల్లలను పంపే ఆనవాయితీ దశాబ్దాలుగా ఉన్నది. స్వగ్రామంలో భూమి, రేషన్ కార్డు, ఓటు హక్కు అన్నీ తెలంగాణలోనే ఉన్నప్పటికీ, మినహాయింపుల పరిధిలోనికి రాని కుటుంబపు విద్యార్థి రెండేళ్ల ఇంటర్మీడియట్‌ను సరిహద్దుకు ఆవల చదివితే స్థానికతను కోల్పోయే అవకాశం ఉన్నది. పదో తరగతి ముగిసిన వేసవిలో తీసుకునే కళాశాల నిర్ణయం రెండేళ్ల తర్వాత వైద్య సీటును ప్రభావితం చేస్తుందన్న విషయాన్ని పాఠశాల స్థాయిలోనే తల్లిదండ్రులకు తెలియజేయవలసి ఉన్నది.

రిజర్వేషన్లు: రెండు కౌన్సెలింగ్‌లు, రెండు జాబితాలు

అఖిల భారత కోటాలో ఎస్.సి.లకు 15 శాతం, ఎస్.టి.లకు 7.5 శాతం, ఓ.బి.సి.లకు 27 శాతం, ఆర్థికంగా వెనుకబడిన వర్గాలకు 10 శాతం రిజర్వేషన్లు అమలవుతున్నాయి. దివ్యాంగులకు అన్ని వర్గాలలోనూ 5 శాతం సమాంతర రిజర్వేషన్ ఉన్నది. ఓ.బి.సి., ఆర్థికంగా వెనుకబడిన వర్గాల రిజర్వేషన్లను 2021 జూలైలో ప్రకటించగా, 2022 జనవరి 7న సుప్రీంకోర్టు అనుమతించింది.

రాష్ట్ర కోటాలో ఈ శాతాలు మారుతాయి. వెనుకబడిన తరగతులకు ఎ, బి, సి, డి, ఇ ఉపవర్గాలుగా 29 శాతం రిజర్వేషన్ ఉన్నది. ఎస్.టి.లకు ఆంధ్రప్రదేశ్‌లో 6 శాతం కాగా, తెలంగాణలో 2022 నుంచి 10 శాతం. ఎస్.సి. రిజర్వేషన్‌ను 2025లో రెండు రాష్ట్రాలూ మూడు గ్రూపులుగా వర్గీకరించాయి. తెలంగాణలో 1, 9, 5 శాతాలు, ఆంధ్రప్రదేశ్‌లో 1, 6.5, 7.5 శాతాలు వరుసగా మూడు గ్రూపులకు వర్తిస్తాయి. అఖిల భారత కోటాకు ఈ వర్గీకరణతో సంబంధం లేదు.

అభ్యర్థులు ఎక్కువగా ఇబ్బంది పడేది ఇక్కడే. రాష్ట్ర బి.సి. జాబితాలో ఉన్న కులాలన్నీ కేంద్ర ఓ.బి.సి. జాబితాలో ఉండవు. కేంద్ర జాబితాలో ఉన్నప్పటికీ, క్రీమీలేయర్ పరిధిలోనికి రారని తెలిపే కేంద్ర నమూనా ధ్రువపత్రం వేరుగా అవసరం. రాష్ట్ర కౌన్సెలింగ్ కోసం తీసుకున్న కుల ధ్రువీకరణ పత్రాన్ని అఖిల భారత కోటా సీటు లభించిన కళాశాలలో చూపితే, ఓ.బి.సి. కింద లభించిన సీటు రద్దు కాగలదు. ఆర్థికంగా వెనుకబడిన వర్గాల ధ్రువపత్రం సైతం సంబంధిత ఆర్థిక సంవత్సరానికి చెందినదై ఉండాలి.

రిజర్వేషన్ వర్గానికి చెందిన అభ్యర్థిని ముందుగా ఓపెన్ కేటగిరీలో మెరిట్ ప్రకారం పరిశీలించి, అక్కడ కోరిన సీటు లభించనప్పుడు రిజర్వుడు సీటుకు పరిశీలిస్తారు. ఓపెన్ కేటగిరీ ఏ ఒక్క వర్గానికీ చెందిన కోటా కాదన్న విషయం గమనార్హం.

ఎవరు ఏ సీట్లను భర్తీ చేస్తారు

కేంద్ర ఆరోగ్య సేవల డైరెక్టరేట్ జనరల్ ఆధ్వర్యంలోని వైద్య కౌన్సెలింగ్ కమిటీ అఖిల భారత కోటా సీట్లతోపాటు ఎయిమ్స్, జిప్‌మర్, డీమ్డ్ విశ్వవిద్యాలయాల సీట్లను భర్తీ చేస్తుంది. 2020 నుంచి ఎయిమ్స్, జిప్‌మర్‌లకు ప్రత్యేక ప్రవేశ పరీక్షలు లేవు. మంగళగిరి, బీబీనగర్ ఎయిమ్స్‌లలోని సీట్లు ఈ కమిటీ ద్వారానే భర్తీ అవుతాయి. వాటికి రాష్ట్ర స్థానికత వర్తించదు. కార్మిక రాజ్య బీమా పరిధిలోని కార్మికుల పిల్లలకు ఆ సంస్థ వైద్య కళాశాలల్లో ప్రత్యేక కోటా ఉన్నది. అర్హత గల కార్మిక కుటుంబాలు ఈ అవకాశాన్ని పరిశీలించవచ్చు.

రాష్ట్ర కోటా సీట్లను ఆంధ్రప్రదేశ్‌లో విజయవాడలోని డాక్టర్ ఎన్.టి.ఆర్. ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయం, తెలంగాణలో వరంగల్‌లోని కాళోజీ నారాయణరావు ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయం భర్తీ చేస్తాయి. నీట్ రాసినంత మాత్రాన రాష్ట్ర కౌన్సెలింగ్‌లో పేరు చేరదు. విశ్వవిద్యాలయ ప్రకటన వెలువడిన తర్వాత విడిగా దరఖాస్తు చేయవలసి ఉంటుంది. అఖిల భారత కోటాకూ, రాష్ట్ర కోటాకూ ఏకకాలంలో దరఖాస్తు చేసుకోవచ్చు.

ప్రైవేటు కళాశాలల బి, సి కేటగిరీ సీట్లు కూడా నీట్ మెరిట్ ఆధారంగా విశ్వవిద్యాలయ కౌన్సెలింగ్ ద్వారానే భర్తీ అవుతాయి. కౌన్సెలింగ్‌కు ముందే డబ్బు చెల్లిస్తే సీటు ఖాయం చేస్తామని చెప్పే దళారులకు ఈ విధానంలో స్థానం లేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2023లో విజయనగరం, రాజమహేంద్రవరం, ఏలూరు, మచిలీపట్నం, నంద్యాలలో ప్రారంభమైన ప్రభుత్వ కళాశాలల్లో సైతం కొన్ని సీట్లను సెల్ఫ్ ఫైనాన్స్, ప్రవాస భారతీయుల కోటాలకు కేటాయిస్తూ ఆ ఏడాది ఉత్తర్వులు వెలువడ్డాయి. కాబట్టి ప్రభుత్వ కళాశాల అయినప్పటికీ సీటు ఏ కేటగిరీకి చెందినదో, వార్షిక రుసుము ఎంతో ఆప్షన్ ఇచ్చే ముందే సరిచూసుకోవలసి ఉంటుంది.

విదేశాలలో స్థిరపడిన తెలుగు కుటుంబాలు సి కేటగిరీ విషయంలో జాగ్రత్త వహించాలి. ఈ కోటాను 15 శాతానికి మించకుండా, నిజమైన ప్రవాస భారతీయుల పిల్లలకు పరిమితం చేయాలని 2005లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. దూరపు బంధువులకు సైతం కోటాను విస్తరించిన పంజాబ్ ప్రభుత్వ నిర్ణయాన్ని 2024 సెప్టెంబరులో అదే న్యాయస్థానం తిరస్కరించింది.

ఆప్షన్లు, విడతలు

వెబ్ ఆప్షన్ల నమోదులో ఒక సూత్రం గుర్తుంచుకుంటే చాలు. అభ్యర్థి ర్యాంకు వంతు వచ్చినప్పుడు కంప్యూటర్ అతని జాబితాను పైనుంచి కిందికి పరిశీలించి, ఖాళీ ఉన్న మొదటి సీటును కేటాయిస్తుంది. రాదనుకున్న కళాశాలను మొదటి స్థానంలో పెట్టినందువల్ల నష్టం ఏమీ లేదు. ఇష్టం లేని కళాశాలను "వచ్చే అవకాశం ఎక్కువ" అన్న కారణంతో పైన పెడితే, కింద ఉన్న మెరుగైన సీటు అందుబాటులో ఉన్నప్పటికీ అది లభించదు. తక్కువ ఆప్షన్లు ఇచ్చినవారికి సీటే రాకపోవచ్చు. చేరడానికి ఏమాత్రం ఇష్టపడని, రుసుము భరించలేని కళాశాలను జాబితాలో చేర్చకపోవడమే మేలు.

అఖిల భారత కోటాలో 2021 నుంచి నాలుగు విడతల విధానం అమలవుతున్నది. మిగిలిన సీట్లను రాష్ట్రాలకు తిరిగి ఇచ్చే పద్ధతి అప్పటితో ముగిసింది. మొదటి విడతలో సీటు వచ్చినా చేరకుండా ఎలాంటి నష్టం లేకుండా వైదొలగవచ్చు. రెండవ విడతలో సీటు పొంది చేరని పక్షంలో డిపాజిట్టు కోల్పోతారు. అఖిల భారత కోటాకు డిపాజిట్టు జనరల్ అభ్యర్థులకు 10 వేల రూపాయలు, రిజర్వుడు వర్గాలకు 5 వేల రూపాయలు కాగా, డీమ్డ్ విశ్వవిద్యాలయాలకు 2 లక్షల రూపాయలు. మూడవ విడత సీటులో చేరినవారు తదుపరి ఏ కౌన్సెలింగ్‌లోనూ పాల్గొనజాలరు. చివరిదైన మిగులు సీట్ల విడతలో సీటు పొంది చేరనివారు డిపాజిట్టు కోల్పోవడమే గాక, మరుసటి ఏడాది నీట్‌కు అనర్హులవుతారు.

మెరుగైన సీటు కోరుతూ తదుపరి విడతకు వెళ్లినవారికి కొత్త సీటు లభించిన క్షణమే పాత సీటు రద్దయి మరొకరికి వెళ్తుంది. తిరిగి పాత కళాశాలలోనే ఉంటామంటే అవకాశం ఉండదు. అందువల్ల ప్రస్తుత సీటు కంటే నిజంగా మెరుగైనవని భావించిన కళాశాలలను మాత్రమే తదుపరి విడత ఆప్షన్లలో ఉంచాలి. నిబంధనలలో ఏటా మార్పులు జరిగే అవకాశం ఉన్నందున ఆ ఏడాది సమాచార పుస్తకమే ప్రామాణికం.

ఇతర మార్గాలు

సీటు లభించని అభ్యర్థులకు బి.డి.ఎస్., ఆయుర్వేదం, హోమియోపతి, యునాని కోర్సులలో నీట్ ర్యాంకు ద్వారానే ప్రవేశాలు ఉన్నాయి. విదేశాలలో ఎం.బి.బి.ఎస్. చదవదలచినవారు కూడా నీట్‌లో అర్హత పొందవలసి ఉంటుంది. జాతీయ వైద్య కమిషన్ 2021 నవంబరులో జారీ చేసిన నిబంధనల ప్రకారం విదేశీ కోర్సు కనీసం 54 నెలలు ఆంగ్ల మాధ్యమంలో సాగాలి. అదే సంస్థలో 12 నెలల ఇంటర్న్‌షిప్ పూర్తి చేయాలి. ఆ దేశంలో వైద్య వృత్తి నిర్వహించేందుకు అర్హత లభించాలి. వీటిలో ఏ ఒక్కటి లోపించినా స్వదేశంలో రిజిస్ట్రేషన్‌కు అవరోధం ఏర్పడుతుంది. తక్కువ రుసుము చూపి ఆకర్షించే సంస్థల విషయంలో రుణం తీసుకోవడానికి ముందే ఈ మూడు షరతులను సరిచూసుకోవడం అవసరం.

అధికారులు, పాత్రికేయుల పాత్ర

కౌన్సెలింగ్ గడువులు సాధారణంగా రోజులలో ఉంటాయి. తహసీల్దారు కార్యాలయంలో ఒక ధ్రువపత్రం వారం రోజులు ఆలస్యమైతే, పేద కుటుంబపు విద్యార్థి ఐదున్నరేళ్ల చదువు అవకాశాన్ని కోల్పోవచ్చు. నీట్ దరఖాస్తుల కాలంలోనే కేంద్ర, రాష్ట్ర నమూనాలలో కుల, ఆదాయ ధ్రువపత్రాలు తీసుకోవాలని గ్రామ, మండల స్థాయిలో ప్రచారం చేయడం, ఎస్.సి. అభ్యర్థుల పత్రాలలో గ్రూపు నమోదైనదీ లేనిదీ పరిశీలించడం, నాలుగేళ్ల స్టడీ సర్టిఫికెట్ల జారీలో పాఠశాలలు జాప్యం చేయకుండా చూడడం వంటి చర్యలు ఈ నష్టాన్ని నివారిస్తాయి.

పత్రికలలో "చివరి ర్యాంకు" ప్రచురించే సందర్భంలో అది అఖిల భారత ర్యాంకా, రాష్ట్ర ర్యాంకా, ఏ ప్రాంతానికి, ఏ వర్గానికి, ఏ విడతకు చెందినది అన్న వివరాలు జతచేయడం పాఠకులకు మేలు చేస్తుంది. విశ్వవిద్యాలయం ప్రకటించే తాత్కాలిక మెరిట్ జాబితాలో అభ్యంతరాలకు ఇచ్చే గడువును ప్రముఖంగా తెలియజేయడం కూడా ఉపయుక్తం. వర్గం, స్థానికత వంటి వివరాలలోని పొరపాట్లను సరిదిద్దుకునేందుకు అభ్యర్థులకు లభించే ప్రధాన అవకాశం ఆ గడువే.